ఏడో బొమ్మ

“ఆ వేలు కాదు, పోయినసారి అదే ఇచ్చా. ఇప్పుడు దీని వంతు” అని పిల్ల ఉంగరపు వేలు చాపింది.

సూది పట్టుకున్న నర్సు ఆగిపోయింది. పొద్దుటి నుంచి ఆవిడా, వెంట వచ్చిన పరిశోధకురాలూ ఈ వీధిలో పది ఇళ్లు తిరిగారు. పది ఇళ్లలోనూ పిల్లలు గుక్కపట్టి ఏడ్చారు, ఒకడైతే ఆవిడ మణికట్టు కొరికాడు. ఏడ్చే పిల్లల్ని ఊరుకోబెట్టడం ఆవిడకి వెన్నతో పెట్టిన విద్య. ఏడవకుండా, వంతులు గుర్తుపెట్టుకుని మరీ వేలు చాపే ఆరేళ్ల పిల్లని ఏం చెయ్యాలో మాత్రం ఆవిడకి ఎవరూ నేర్పలేదు.

రక్తపు చుక్క చిన్న యంత్రంలోకి వెళ్లింది. అంకె రావడానికి మూడు నిమిషాలు పడుతుంది. ఆ మూడు నిమిషాలూ పరిశోధకురాలు ఎదుటి గోడకేసి చూస్తూ కూర్చుంది. గోడ మీద ఉన్నది ఆమె గీసిన పటమే.

వీధి చివర పాత బ్యాటరీలు పగలగొట్టి సీసం కరిగించే ఫ్యాక్టరీ ఉంది. సీసం దుమ్ముకి వాసన ఉండదు. పిల్లల ఒంట్లో చేరిందంటే ఆకలి, నిద్ర, చదువు ఒక్కొక్కటే ఎత్తుకుపోతుంది. ఆ సంగతి జనానికి అర్థమయ్యేలా చెప్పడం ఆమె ఉద్యోగం. ఆరేళ్ల కిందట వచ్చి, బొమ్మలు గీసి, ఇంటింటికీ అంటించి, ఓపిగ్గా వివరించింది. అప్పటి నుంచి ఈ వీధిలో ఆమె పేరు బొమ్మల మేడం.

చేతులు కడుక్కుని తినండి. పని బట్టలు గుమ్మం బయటే విప్పండి. స్నానం చేశాకే పిల్లల్ని ఎత్తుకోండి. చీపురు వద్దు, తడిగుడ్డతో తుడవండి. తుడిచిన నీళ్లు పెరట్లో పోయకండి. కాలువలోనూ పోయకండి. మొత్తం ఆరు బొమ్మలు. ఏడో గడిలో ఫ్యాక్టరీ ముద్ర, దాని కింద ‘సహకారం’ అన్న మాట. నెలకో సబ్బు కూడా ఫ్యాక్టరీ వాళ్లే ఇస్తారు. దాని మీదా అదే ముద్ర.

“ఇరవై ఆరు” అంది నర్సు, గొంతు తగ్గించి.

రక్తంలో సీసం ఎంతుందో చెప్పే అంకె అది, ఐదు దాటితేనే కంగారుపడాలి. ఈ పిల్లకి ఏడాది నిండినప్పుడు పన్నెండు ఉండేది. పోయిన ఏడాది ఇరవై ఒకటి. పొద్దున నేర్చుకున్న అక్షరం సాయంత్రానికి మర్చిపోతోందని, అస్తమానం కడుపునొప్పి అంటోందని తల్లి ఇందాకే చెప్పింది.

ఆ తల్లిని వీధిలో అందరూ తడిగుడ్డ వదిన అని ఏడిపిస్తారు. రోజుకి మూడుసార్లు ఇల్లంతా తుడుస్తుంది. మోకాళ్లు కాయలు కాసిపోయాయి. గుమ్మం లోపల నేల మీద ఒక సుద్దగీత గీసి పెట్టింది. కొలిమి దగ్గర పనిచేసే తండ్రి ఇంటికొచ్చాక, వీధి పంపు దగ్గర స్నానం చేసేదాకా పిల్ల ఆ గీత దాటడానికి వీల్లేదు. గీత దగ్గరే రెండు చేతులూ చాపుకుని నిలబడుతుంది. తండ్రి చేతులు వెనక్కి పెట్టుకుని, ‘ఇదిగో వచ్చేశా, ఇదిగో వచ్చేశా’ అంటూ పంపు వైపు పరిగెడతాడు. ఫ్యాక్టరీలో స్నానాల గది లేదు. రోజుకి ఆరువందల కూలీ, ఆపైన ఒంటినిండా బూడిద. స్నానాల గది కావాలని అడిగినవాడికి మర్నాడు పని ఉండదు.

“నాదే తప్పు మేడం” అంది తల్లి. అంకె ఎంతో అడగలేదు. నర్సు మొహం చూసి కనిపెట్టేసింది. “మంచం కింద మూలల్లోకి నా చెయ్యి అందదు. దుమ్మంతా అక్కడే ఉండిపోతోంది. అదే దీన్ని పట్టుకుంది.”

“మంచం కాస్త జరిపి తుడవలేరా?” అంది పరిశోధకురాలు.

“ఎలా జరపను? కింద అవి ఉన్నాయి కదా.”

“ఏవి?”

ఇదేం ప్రశ్న అన్నట్టు చూసింది తల్లి. తర్వాత మంచం మీంచి వేలాడుతున్న దుప్పటి అంచు ఎత్తింది.

కింద డబ్బాలు. ప్లాస్టిక్ డబ్బాలు, రేకు డబ్బాలు, వరసలు వరసలుగా గోడదాకా. ప్రతి దాని మీదా కాగితం ముక్క అంటించి నెల, ఏడాది రాసి ఉన్నాయి. డెబ్బైకి పైనే ఉంటాయి. వెనక వరసలో కొన్ని మూతలు పగిలి, లోపలిది ఎండి, బూడిదరంగు పెచ్చులై నేల మీద రాలింది. ఆ పెచ్చుల పక్కనే పిల్ల చెప్పు ఒకటి బోర్లా పడి ఉంది.

“తుడిచిన నీళ్లు మేడం. బకెట్లో ఉంచితే అడుగున మడ్డి దిగుతుంది. పై నీళ్లతో మళ్లీ తుడుచుకుంటా, ఇక్కడ నీళ్లకి కటకట కదా. మడ్డి మాత్రం డబ్బాలో పోస్తా. నెలకి ఒకటి నిండుతుంది. పెరట్లో పొయ్యొద్దన్నారు. కాలువలో పొయ్యొద్దన్నారు. మరి ఎక్కడ పొయ్యాలో చెప్పలేదు. ఎప్పుడో చెప్తారు కదా అని దాచా.”

మంచం మీద పిల్ల బొంత, తలగడ ఉన్నాయి. ఆరేళ్లుగా అది పడుకునేది అక్కడే. ఊళ్లో విషమంతా గుడ్డతో పోగుచేసి, ఆ తల్లి తన బిడ్డ పక్క కింద పేర్చింది. ఒక్క పూట తప్పకుండా, చెప్పిన మాట చెప్పినట్టు విని చేసింది.

పరిశోధకురాలు వంగి డబ్బాల మీది నెలలు, ఏడాదులు ఒక్కొక్కటే చదివింది. ఏటా ఈ ఇంటికి ప్రశ్నల కాగితం పట్టుకుని వచ్చేది. తడిగుడ్డ పెడుతున్నారా? పెడుతున్నాం. కాలువలో పోస్తున్నారా? లేదు. సంతోషంగా టిక్కు పెట్టుకుని వెళ్లేది. మరి ఎక్కడ పోస్తున్నారు అని ఒక్కసారి కూడా అడగలేదు. తెలియక కాదు. అడిగితే జవాబు తనే చెప్పాల్సి వస్తుంది. ఆ జవాబు ఆమె ఒకప్పుడు గీసింది కూడా.

సందులోకి వచ్చాక నర్సు సంచి భుజానికి తగిలించుకుంది. “తడిగుడ్డతో గొంతు కోయడం అంటారు చూడండి, వినడమే గానీ ఇన్నాళ్లూ చూడలేదు” అంది.

సాయంత్రం నాలుగింటికి బడి గదిలో సమావేశం. అంకె ఎక్కువ వచ్చిన పిల్లలకి అక్కడే చేతి నరంలోంచి రక్తం తీసి పెద్ద ల్యాబుకి పంపాలి. ఈ పటాల పథకం నడిపే ఆఫీసు నుంచి అధికారి, ఫ్యాక్టరీ నుంచి మేనేజరు వచ్చి ముందు వరసలో కూర్చున్నారు.

“మీ పటం బ్రహ్మాండంగా పనిచేసింది మేడం” అన్నాడు అధికారి. “నూటికి తొంభై ఎనిమిది మంది పాటిస్తున్నారు. ఇదే పటం ఇంకో రెండు వీధులకి అచ్చు వేయిస్తున్నాం. ఇవాళ మీరు వీళ్లకి ఇంకోసారి చెప్పేస్తే సరిపోతుంది.”

పాటిస్తున్నారు, నిజమే. అంకెలు పెరుగుతున్నాయన్న మాట ఆయన నోట రాలేదు.

అప్పుడే తడిగుడ్డ వదిన ఒక చేత్తో పిల్లని, ఇంకో చేత్తో పాత చీరముక్కలో చుట్టిన డబ్బాని పట్టుకుని లోపలికి వచ్చింది. తిన్నగా వెళ్లి డబ్బాని టేబుల్ మీద పెట్టింది.

“ఇది ఎక్కడ పొయ్యాలి సార్?”

సంగతేమిటో తెలుసుకున్నాక అధికారి నవ్వు తెచ్చుకున్నాడు. “ఏముందమ్మా, ఏ కాలువలోనో...”

“ఆరో బొమ్మ వద్దంది సార్.”

“పోనీ, పెరట్లో గొయ్యి తీసి...”

“ఐదో బొమ్మ వద్దంది.”

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. అధికారి మేనేజరు వైపు తిరిగాడు. “మీరే తీసుకెళ్లి ఏదో ఒకటి చేయించకూడదూ?”

మేనేజరు కుర్చీ వెనక్కి జరిపాడు. “కుదరదండీ. ఇది ప్రమాదకరమైన వ్యర్థం. ఇలా మూత సరిగా లేనిది మా గేటు లోపలికి రానివ్వకూడదు. మా దగ్గర పిల్లలున్న సిబ్బంది ఉంటారు కదా, నిబంధనలు ఒప్పుకోవు.”

వెనక నిలబడ్డ పక్కింటావిడ మెల్లగా అడిగింది. “మీ గేటు దాటకూడనిది మా వదిన మంచం కింద ఉండొచ్చా సారూ?”

“మేడం, మీరు చెప్పండి. మీరు చెప్తే వింటారు” అన్నాడు అధికారి కంగారుగా.

వింటారు. అదే ఆమెని కాల్చేస్తోంది. పటం పట్టుకుని లేచింది. ఎప్పుడూ నవ్వుతూ మొదలుపెట్టేది, ఇవాళ ఆ నవ్వు రాలేదు.

“నేను గీసింది ఏడు బొమ్మలు” అంది. “ఏడోదాంట్లో వీధి చివర మూత ఉన్న డ్రమ్ము. ఫ్యాక్టరీ లారీ వచ్చి ఆ డ్రమ్ముని తీసుకెళ్తోంది. వెనక పొగగొట్టానికి వడపోత. ఆ బొమ్మ వేస్తే ఫ్యాక్టరీ ఒప్పుకోదు, పథకం ఆగిపోతుంది, తీసెయ్యమన్నారు మా ఆఫీసు వాళ్లు. తీసేశాను. ఆ గడిలో వాళ్ల ముద్ర వేస్తే ఊరుకున్నాను.” తడిగుడ్డ వదిన వైపు తిరిగింది. “మీరు తుడవడంలో ఏ తప్పూ లేదమ్మా. మీరు తుడిచిన మర్నాటికి ఆ గొట్టం మళ్లీ దుమ్ము పోస్తూనే ఉంది. మీకు ఆ మాట చెప్పాల్సింది నేను. చెప్పలేదు.”

తల్లి తన అరచేతులు తిప్పి చూసుకుంది.

“ఆరేళ్లు వీటినే తిట్టుకున్నా మేడం” అంది.

“ఇవన్నీ తర్వాత మాట్లాడుకుందాం” అన్నాడు అధికారి లేచి. “ముందు రక్తం తీసెయ్యండి, పాపం పిల్లలు ఎంతసేపు కూర్చుంటారు.”

ఆ మాట వినగానే పిల్ల తల్లి చెయ్యి విడిపించుకుని వెళ్లి కుర్చీ ఎక్కింది. ఎవరూ చెప్పకుండానే బొత్తాం విప్పి, చొక్కా చెయ్యి మోచేతిపైకి మడుచుకుని, డబ్బా పక్కన టేబుల్ మీద చెయ్యి చాపింది.

“పోయినసారి అటు చెయ్యి ఇచ్చా. ఇప్పుడు దీని వంతు” అంది.

నర్సు సూది తీసింది. తల్లి వచ్చి పిల్ల చొక్కా చెయ్యి కిందికి లాగి, బొత్తాం పెట్టింది.

“వద్దు.”

“అదేంటమ్మా, పరీక్ష చెయ్యకపోతే మందు ఎలా ఇస్తారు? నీ బిడ్డ మంచికేగా!” అన్నాడు అధికారి.

“తెలుసు సార్. ఇస్తాం. ఆ ఏడో బొమ్మ ఇక్కడ అంటించండి, ఆ డ్రమ్ము వీధి చివర పెట్టించండి. అప్పుడు పిలవండి, రెండు చేతులూ ఇస్తుంది.” తర్వాత బొమ్మల మేడం వైపు చూసింది. ఆ చూపులో కోపం ఉందో, ఇంకా నమ్మకమే మిగిలి ఉందో పరిశోధకురాలికి తెలియలేదు. కోపమే అయితే బాగుండునని అనుకుంది.

నర్సు సూదికి మూత పెట్టేసింది. పక్కింటావిడ తన కొడుకు చొక్కా చెయ్యి కిందికి లాగింది.

“అమ్మా, నేనేం తప్పు చేశా?” అంది పిల్ల, బొత్తాం పెట్టిన చేతిని చూసుకుంటూ.

“ఏం చెయ్యలేదు. నేనూ చెయ్యలేదు” అని తల్లి దాన్ని చంకనేసుకుని బయటికి నడిచింది.

“ఏయ్, మీ డబ్బా మర్చిపోయారు!” అని మేనేజరు కేకేశాడు.

ఆమె వెనక్కి తిరగలేదు. జనం ఒక్కొక్కరే లేచి వెళ్లిపోయారు. అధికారి ప్యూనుని పిలిచి డబ్బా తీసెయ్యమన్నాడు. ప్యూను దగ్గరికొచ్చి, చేతులు వెనక్కి పెట్టుకుని, “తీసి ఎక్కడ పొయ్యమంటారు సార్?” అన్నాడు.