ఆరు మెట్ల వీధి

మ్యాపుల టీచరుకి ఆరో తరగతిలో సోషల్‌కి వారానికి ఐదు పీరియడ్లు. మూడు వారాల తర్వాత, ఎగ్జిబిషన్ జరిగే శనివారం దాటితే రెండే. ఆ మాట పెద్ద మేడం స్టాఫ్ రూములో అందరి ముందూ, చేతికంటిన సుద్దపొడి దులుపుకున్నంత తేలిగ్గా చెప్పేసింది.

పెద్ద మేడం అంటే హెడ్‌మిస్ట్రెస్, లెక్కల మనిషి. ఆవిడ ఇల్లు స్కూలున్న వీధిలోనే, పాత ఇళ్ళ వరసలో ఉంది. పొద్దున్నే ఆ ఇంటి మెట్లు దిగేసరికి మోకాళ్ళు మొరాయిస్తాయి. ఆ చిరాకు మొదటి పీరియడు దాకా దిగదు. లెక్కలు రాకపోతే పిల్లల బతుకు తెల్లారినట్టేనని ఆవిడ నమ్మకం. సోషల్ అంటారా, పరీక్షకి ముందు బట్టీ కొడితే సరి.

"మూడు పీరియడ్లు లెక్కలకిచ్చేస్తున్నాను. మీకేమైనా అభ్యంతరముంటే ఆ శనివారం ఎగ్జిబిషన్‌లో చూపించండి, ఇన్ని పీరియడ్లు దేనికో," అంది.

"చూపిస్తానండీ!" అనేసింది మ్యాపుల టీచరు. ఏం చూపించాలో అప్పటికి ఆవిడకే తెలీదు. నోరు ముందు, బుర్ర తర్వాత. పుట్టుకతో వచ్చిన గుణం, ఇప్పుడెక్కడికి పోతుంది?

దారి చూపించింది ఎందుకమ్మ. ఆ పిల్ల అసలు పేరు హాజరు పట్టీకే తెలుసు. ప్రతిదానికీ "ఎందుకు?" అంటుందని క్లాసంతా పెట్టిన పేరది. పాఠంలో కొండలూ నదులూ సముద్రమూ ఉన్న బొమ్మ చూసి, "ఈ నది సరే టీచర్, మన వీధిలో వాన నీళ్ళు ఎటు పోతాయి?" అంది. పుస్తకంలో జవాబు లేదు. టీచరు దగ్గరా లేదు. గోడకి వేలాడుతున్న పురపాలక సంఘం మ్యాపులో మాత్రం నీలం బాణం ఒకటి బస్టాండు నుంచి బజారు మీదుగా వెనకున్న కాలవలోకి ఠీవిగా పోతోంది.

"బాణం గీసినాయన వానలో నిలబడి చూశాడా?" అంది ఎందుకమ్మ.

అంతే, టీచరుకి ఉత్సాహం ముంచుకొచ్చింది. రెండు బల్లలు కలిపి, దాని మీద బంకమట్టితో ఊళ్ళో తమ భాగమంతా చేద్దామంది. ఎత్తు ఎక్కడుంటే మట్టి అక్కడ ఎత్తు, పల్లం ఎక్కడుంటే అక్కడ పల్లం. నేల మీద అడుగు ఎత్తుకి బల్ల మీద వేలెడు మందం. మరి వీధుల ఎత్తులు తెలిసేదెలా?

"మా నాన్న దగ్గర పైపుంది," అంది ఎందుకమ్మ.

వాళ్ళ నాన్న మేస్త్రి. స్కూలు ఆవరణలో చిన్నపిల్లలకి కొత్త గదులు కడుతున్నది ఆయనే. ఆ పైపు మరేం మాయ కాదు, లోపలి నీళ్ళు కనబడే పొడవాటి ప్లాస్టిక్ గొట్టం. నీళ్ళు నింపి, ఈ కొస ఒకరు, ఆ కొస ఒకరు కర్రకి ఆనించి పట్టుకుంటే రెండు కొసల్లోనూ నీళ్ళు ఒకే మట్టంలో నిలుస్తాయి. ఇక్కడ నేల నుంచి నీటి దాకా ఎంత, అక్కడెంత అని కొలిచి తీసేస్తే ఏది ఎంత పల్లమో తేలిపోతుంది.

పది రోజులు, స్కూలు వదిలాక, ముప్పై రెండు మంది పిల్లలు ఆ గొట్టం పట్టుకుని వీధుల మీద పడ్డారు. సైకిళ్ళ వాళ్ళు ఆగి చూశారు. మందుల షాపాయన పైపులు వేస్తున్నారేమోనని నీళ్ళెప్పుడొస్తాయని అడిగాడు. "నీళ్ళు రావండీ, ఎటు పోతాయో చూస్తున్నాం!" అని పిల్లలు కోరస్ పాడారు. ఎన్నడూ నోరు విప్పని వెనక బెంచీ వాళ్ళు కూడా అంకెలు అరిచి చెబుతుంటే టీచరుకి భూమ్మీద కాలు నిలవలేదు.

గురువారం సాయంత్రానికి బొమ్మ సిద్ధమైంది. బస్టాండు, బజారు, కాలవ, స్కూలు, స్కూల్లో అట్టముక్కలతో కొత్త గదులు. కిటికీలకి ఎర్రరంగు కూడా వేశారు. నీలిమందు కలిపిన నీళ్ళు టీచరు మగ్గుతో బస్టాండు మీద పోసింది. నీళ్ళు బజారు దాకా బుద్ధిగా వచ్చాయి. అక్కడ కాలవ వైపు మళ్ళాల్సింది పోయి, తెలిసిన ఇంటికి వెళ్ళే చుట్టంలా తిన్నగా స్కూలు గేటులో దూరి, కొత్త గదుల చుట్టూ చేరాయి. అట్ట నాని ఒక గోడ ఒరిగిపోయింది.

టీచరు మగ్గు కింద పెట్టేసింది. గోడ మీది మ్యాపు వైపు చూసింది. బాణం కాలవలోకే పోతోంది. శనివారం పెద్ద మేడం, తల్లిదండ్రులు, అందరూ వస్తారు. వాళ్ళ ముందు ఇలా జరిగితే ఐదు పీరియడ్లు కాదు కదా, ఆ రెండూ దక్కవు. పిల్లలందరూ వెళ్ళాక ఇనుప స్కేలు తీసింది. కాలవ గట్టు మట్టిని కాస్త గీకితే చాలు, నీళ్ళు అటే పోతాయి.

"ఎందుకు టీచర్?"

తలుపు దగ్గర ఎందుకమ్మ. సంచీ మరిచిపోయి వెనక్కొచ్చింది.

"ఎక్కడో తప్పు కొలిచాం," అంది టీచరు, స్కేలు వెనక దాస్తూ. "పైపులో గాలి బుడగ ఉండుంటుంది. బుడగుంటే మట్టం తప్పుతుందని మీ నాన్నే చెప్పాడుగా."

"ఉంటే మళ్ళీ కొలుద్దాం టీచర్. గీకడం ఎందుకు?"

టీచరుకి సిగ్గుతో చెవులు వేడెక్కాయి. మ్యాపు అబద్ధం చెప్పకూడదని పది రోజులుగా ఆ పిల్లలకి నూరిపోసింది తనే. స్కేలు సొరుగులో పెట్టి, "రేపు పొద్దున్నే మీ నాన్నని రమ్మను," అంది.

శుక్రవారం తెల్లారేసరికి మేస్త్రి పైపు భుజానేసుకుని గేటు దగ్గరున్నాడు. సంగతి విని పెద్దగా నవ్వాడు.

"ఆడలేక మద్దెల ఓడన్నారట. నా పైపునంటారేం టీచరమ్మా? ఈ పైపుతో ఇరవై ఏళ్ళుగా కడుతున్నా. నా ఫ్లోరు మీద గోలీ పెడితే ఉన్నచోటే ఉంటుంది."

"అయితే మీరే కొలవండి," అంది టీచరు.

ఆయన పైపుని వేలితో కొట్టి కొట్టి ప్రతి బుడగనీ తరిమాడు. గేటు నుంచి బజారుకి, బజారు నుంచి కాలవకి. ఎందుకమ్మ అంకెలు రాసింది, టీచరు కూడింది. బజారు దాటాక ఆయన నవ్వు తగ్గింది. కాలవ గట్టు మీద మూడుసార్లు కొలిచాడు. మూడుసార్లూ ఒకటే లెక్క. స్కూలు నేల కాలవ గట్టు కంటే రెండున్నర అడుగుల పల్లం.

"నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు అంటారు," అన్నాడు మేస్త్రి చివరికి. "ఇవాళ రెండూ నీళ్ళకే తెలిసినట్టున్నాయి." పైపు చుట్టుకుని వెళ్ళిపోయాడు.

టీచరుకి నవ్వాలో ఏడవాలో తెలీలేదు. బొమ్మ నిజం చెప్పింది! తన పిల్లలు వెంట్రుకవాసి తప్పు చెయ్యలేదు! కానీ రేపు ఆ నిజాన్ని పెద్ద మేడం ముచ్చటపడి కట్టిస్తున్న గదుల మీద పొయ్యాలి, అదీ అందరి ముందు.

తిరిగొచ్చేటప్పుడు ఎందుకమ్మ స్కూలుకెదురుగా ఉన్న టైలరు తాత షాపు మెట్ల మీద చతికిలబడింది. కూర్చున్న మనిషి కూర్చున్నట్టుండక మెట్లు లెక్కపెట్టింది.

"తాతా, మీ షాపుకి ఆరు మెట్లెందుకు?"

తాత సూదిలో దారం ఎక్కిస్తూనే, "మా నాన్న కట్టించాడు. ఈ వరసలో పాత ఇళ్ళన్నిటికీ ఆరే," అన్నాడు. "అప్పట్లో మీ స్కూలెక్కడిదీ? అదంతా ఇటుక బట్టీ. ఊళ్ళో ఇళ్ళన్నిటికీ మట్టి అక్కడే తవ్వేవారు. తవ్వీ తవ్వీ పెద్ద గుంటైంది. వానొస్తే మేం అందులో ఈదేవాళ్ళం. నీళ్ళు మా మూడో మెట్టు దాకా వచ్చేవి. తర్వాత చెత్తా చెదారం పోసి పూడ్చామనిపించారు, పైన స్కూలు కట్టారు."

టీచరు ఇంక అక్కడ నిలబడలేదు. పరుగులాంటి నడకతో వీధి ఈ చివర నుంచి ఆ చివరకి వెళ్ళింది. పాత ఇళ్ళు పదకొండు, అన్నిటికీ ఆరేసి మెట్లు. కొత్త ఇళ్ళకి ఒకటో రెండో. ఎన్నాళ్ళుగానో ఈ వీధిలో నడుస్తోంది, ఒక్కనాడైనా తల తిప్పి లెక్కపెట్టిందా? పుస్తకంలో చరిత్ర ఒక పాఠం, భూగోళం ఇంకో పాఠం, వృత్తులూ వ్యాపారాలూ మరో పాఠం. ఇక్కడ మూడూ కలిసి ఒకే మెట్ల మీద కూర్చున్నాయి!

శనివారం సోషల్ గది కిటకిటలాడింది. టీచరు పాత ఇళ్ళకి అట్టతో మెట్లు కూడా అంటించింది. ఏ వీధి ఎక్కడుందో, ఎత్తులెలా కొలిచారో అరటిపండు ఒలిచినట్టు ఎందుకమ్మే చెప్పింది. పెద్ద మేడం చేతులు కట్టుకుని నిలబడింది. టీచరు మగ్గు ఎత్తింది. మూడు పీరియడ్లు కళ్ళ ముందు కదిలాయి. పోసేసింది.

నీలం నీళ్ళు బస్టాండు దిగాయి, బజారు దాటాయి, గేటులో దూరాయి. కొత్త గదుల చుట్టూ మెల్లగా నిండాయి. ఎర్ర కిటికీలు మునిగాయి.

"ఏమిటిది?" అంది పెద్ద మేడం. "మ్యాపులో కాలవకి పోతాయని ఉందిగా. పిల్లలు తప్పు కొలిచి మా గదులు ముంచితే దాన్ని సోషల్ అంటారా?"

టీచరు నోరు మొదటిసారి బుర్ర కోసం ఆగింది. ఈలోగా వెనక నుంచి ఒక గొంతు వినబడింది.

"తప్పు కొలిచింది పిల్లలు కాదండీ, నేను." మేస్త్రి జనాన్ని తప్పించుకుని ముందుకొచ్చాడు. "నిన్న నా చేత్తో మళ్ళీ కొలిచాను. లెక్క పిల్లలదే కరెక్టు. గదులు మొదలెట్టేటప్పుడు నేను స్కూలు గోడ లోపలే కొలిచానండీ. లోపల అంతా ఒకటే మట్టం, చక్కగా ఉంది. గోడ బయట ఊరుందని నాకు తట్టలేదు."

పెద్ద మేడం ఆయన్ని చూసింది, బల్లని చూసింది. లెక్కల మనిషి కదా, ముందు చూపుడువేలు నీళ్ళలో ముంచి లోతు చూసుకుంది.

"కట్టడం పునాదుల దాకానే లేచింది. చేతులు కాలకముందే తెలిసింది," అన్నాడు మేస్త్రి. "ఎంత ఎత్తాలో చెప్పండి, ఎత్తేస్తాను."

ఎందుకమ్మ అప్పటికే పక్కపిల్లల దగ్గర రబ్బర్లు లాక్కుంది. ఒక్కోటి వేలెడు మందం. అట్ట గదుల కింద ఒకటి పెట్టింది, మునిగే ఉన్నాయి. రెండు, కిటికీలు కనబడ్డాయి. మూడోది పెట్టగానే గదులు నీటి మీదికి తేలాయి. పిల్లలందరూ ఒక్కసారిగా అరిచారు.

"మూడు రబ్బర్లు, అంటే మూడడుగులు," అంది పెద్ద మేడం. ఆవిడ పెదవులు లెక్కలో పడ్డాయి. "మెట్టుకి అరడుగు చొప్పున..." అని ఆగిపోయి, బల్ల మీద పాత ఇళ్ళ వరస వైపు వంగింది. నాలుగో ఇల్లు ఆవిడదే. "ఆరు మెట్లు. ముప్పై ఏళ్ళుగా ఆ మెట్లు కట్టినవాణ్ణి తిట్టుకుంటూ దిగుతున్నాను."

"ఆయన వానలో నిలబడి చూశాడు మేడం," అంది ఎందుకమ్మ.

పెద్ద మేడం నవ్విందో, నిట్టూర్చిందో తెలీలేదు. పక్కనున్న చిన్నపిల్లల బెంచీ లాక్కుని మోకాళ్ళు పట్టుకుని కూర్చుంది.

"సరే, ఇంత గొయ్యి ఎందుకు పడింది? ఇక్కడి మట్టంతా ఎక్కడికి పోయింది?"

క్లాసంతా ఎగిరి గంతేసినంత పని చేసింది. ముప్పై రెండు చేతులు లేచాయి. ఎందుకమ్మ మాత్రం చెయ్యెత్తే దాకా ఆగలేకపోయింది.

"మీ ఇంటి గోడల్లో ఉంది మేడం!"

అప్పుడే గంట కొట్టారు. ప్యూను తలుపు దగ్గర నిలబడి, తర్వాత లెక్కల గదికి వెళ్ళాలని గుర్తుచేశాడు.

"లెక్కలు ఎక్కడికీ పోవులే," అంది పెద్ద మేడం, బల్ల మీంచి చూపు తిప్పకుండా. "ఏదీ, మొదట్నించీ చెప్పు. నీళ్ళు మళ్ళీ పొయ్యండి."

మ్యాపుల టీచరు మగ్గు నింపడానికి పరిగెత్తింది.