రాయని పరీక్షకు డెబ్బై రెండు

డిగ్రీ పట్టా ఏ దారిన వచ్చినా పట్టాయే, వచ్చిన దారిని ఎవరూ అడగరు. శృంగవరపుకోటలో పాన్‌షాపు నుంచి పంచాయతీ ఆఫీసు దాకా ఈ నమ్మకాన్ని ఎవరి నోట విన్నా ఇవే మాటల్లో వినవచ్చు. 2018 వేసవిలో దీన్ని పరీక్షించవలసిన అవసరం మా పక్కింటి షీబాకు కలిగింది.

షీబా మిషన్ బాలికల హాస్టల్లో తొమ్మిదేళ్లుగా సహాయ వార్డెన్. వార్డెన్ జూన్‌లో రిటైరవుతున్నారు. ఆ స్థానానికి డిగ్రీ తప్పనిసరి అని హాస్టల్ కమిటీ ఏనాడో తీర్మానించింది. ఇంటరుతో చదువు ఆగిపోయిన షీబా ఆ ఉద్యోగం కోసమే, మూడేళ్ల ముందు, ఎక్కడో ఉత్తరాదిలోని విశ్వవిద్యాలయం పేరు చెప్పి మోహనకృష్ణ అనే ఆయన బస్టాండు ఎదుట నడిపే ఆన్‌లైన్ డిగ్రీ కేంద్రంలో బి.ఏ.కు చేరింది. హాస్టల్ పిల్లలు చదువుకునే గంటల్లో తానూ ఫోనులో పాఠాలు వింటూ ఏడు నోటుబుక్కులు నింపింది. అర్థం కానిది నన్నడిగేది. నేను కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరైనవాణ్ణి. ఆ వీడియో పాఠాలు నాసిరకం కావు. ఆ సంగతి ముందే రాయడం న్యాయం.

మూడేళ్ల పరీక్షలూ చివర ఒకేసారి, కేంద్రంలోని కంప్యూటర్ల మీద, మే అయిదో తేదీ శనివారం మొదలవుతాయన్నారు. గురువారం సాయంత్రం షీబా ఒక కాగితంతో మా ఇంటికి వచ్చింది.

"మాస్టారూ, ఇది సూడండి. మార్కుల లిస్టట. పరీక్ష ఎల్లుండి కదండీ?"

చూశాను. పేరు, ఫొటో, నంబరు సరిగానే ఉన్నాయి. చరిత్రలో డెబ్బై రెండు. మౌఖిక పరీక్షలో యాభైకి నలభై ఏడు.

"మౌఖికంగా నిన్నెవరు ఏమడిగారు?"

"ఎవరూ ఏటీ అడగలేదండీ. మోహనకృష్ణగారు టీ తాగుతారా అనడిగేరు. అదేనేటో మరి."

మర్నాడు ఇద్దరం కేంద్రానికి వెళ్లాం. ఆ గదిలో నిలవ సమోసాల వాసన. కీబోర్డుల సందుల్లో ఏళ్లనాటి జిడ్డు. హాస్టల్ ఆఫీసులో గుమాస్తాగా ఉన్న షాలిని అప్పటికే తన మార్కుల జాబితా తీసుకుని సంచిలో సర్దుకుంటోంది.

"కంగారేటమ్మా?" అన్నాడు మోహనకృష్ణ. "పరీక్ష మావోళ్లు రాసేసేరు. శనివారం రానక్కర్లేదు."

"నాను సదివేను సార్. నానే రాస్తాను."

"సదివితే ఎవరొద్దన్నారు? సదువుకోండి. రాయడం మా డ్యూటీ. ఫస్టు క్లాసు ఇచ్చేం, ఇంకేటి కావాల?"

"నాను రాస్తే ఎన్నొస్తాయో తెలియాల."

"ఓలమ్మో! మాస్టారూ, మీరైనా సెప్పండి. వచ్చిన మార్కులొద్దన్న మనిసిని నానిదే సూడ్డం!"

షాలిని కలుగజేసుకుంది. "ఒసే షీబా, నోర్మూసుకుని పట్టుకెళ్లవే. మౌఖికంలో నాకూ నలభై ఏడే. నాను టీ కూడా తాగనేదు."

మోహనకృష్ణ పగలబడి నవ్వాడు. సమోసా తిన్న చేతిని కాగితాల కట్టకే తుడుచుకుని, అదే చేత్తో షీబా జాబితా మీద మరో ముద్ర కొట్టాడు. పట్టా వారంలో వస్తుందన్నాడు. నోటిలో ఊరిన చేదును మింగలేక బయటికి వచ్చి మురికి కాలువలో ఉమ్మాను.

ఇక్కడ ఇంకొక చిక్కు వచ్చిపడింది. పరీక్ష నెగ్గినవారి పేర్లు ఆదివారం ఆరాధనలో చదవడం, వారు లేచి నిలబడి కృతజ్ఞతార్పణగా కవరులో డబ్బు పెట్టి పళ్లెంలో వేయడం వాళ్ల చర్చిలో ఆచారం. కూతురు నా దగ్గరికి కాగితం తెచ్చిన గంటలోనే తల్లి లీలారాణి వెళ్లి పాస్టరుకు పేరిచ్చి వచ్చింది.

"ఇచ్చీసేనే. ఇప్పుడు కాదంటే నా మొగం ఎక్కడెట్టుకోను?" అంది శనివారం. "తొమ్మిదేళ్లు ఆ పిల్లల పేలు దువ్వేవు. ఆ కుర్సీ నీది. కాయితానికి కళ్లుంటాయేటి, ఎవరు రాసేరో సెప్పడానికి?"

అర్పణ కవరు మీద పేరు రాయమని తల్లి పెన్ను చేతికిస్తే షీబా రాయలేదు.

ఆదివారం లీలారాణి పిలిస్తే వెళ్లి చివరి బెంచీలో కూర్చున్నాను. ముందు వరసలో హాస్టల్ కమిటీ కార్యదర్శి సుందరరావు. పాస్టర్ పాల్ జాబితా తీసి చదివారు: "షీబా, బి.ఏ., ఫస్టు క్లాసు."

చప్పట్లు మొదలయ్యాయి. ఆమె లేచింది.

"అయ్యగారూ, నాను పరీక్ష రాయనేదండీ. అది నిన్న జరగాల. గురువారమే మార్కులొచ్చీసేయి. దీనికి దేవుడికి నానేటని కృతజ్ఞత సెప్పను?"

చప్పట్లు ఆగాయి. సుందరరావు వెనక్కి తిరిగి, "అమ్మా, అయ్యన్నీ ఇక్కడెందుకు? కూర్సో," అన్నాడు. పాల్ గారు దగ్గి, జాబితాలో తరువాతి పేరు చదివారు: "షాలిని, బి.ఏ., ఫస్టు క్లాసు." షాలిని లేచి, కవరు పళ్లెంలో వేసింది. ఈసారి చప్పట్లు ఎక్కువసేపు మోగాయి. కొట్టిన చేతుల్లో లీలారాణివీ ఉన్నాయి.

షీబా మార్కుల జాబితాను కేంద్రంలో తిరిగి ఇచ్చేసింది. వార్డెన్ ఉద్యోగానికి షాలిని చూపిన పట్టా నిజమైనదో కాదో తెలపమని కమిటీ ఆ విశ్వవిద్యాలయానికి ఉత్తరం రాసింది. నిజమైనదేనని పదిహేను రోజుల్లో జవాబు వచ్చింది. జూన్ పదకొండున షాలిని వార్డెన్‌గా చేరింది. షీబా ఆమె కింద సహాయ వార్డెన్‌గా కొనసాగుతోంది. ఆగస్టులో మరొక విశ్వవిద్యాలయం దూరవిద్యలో, హాలులో కూర్చుని పరీక్ష రాసే బి.ఏ.లో చేరింది. 2019 మేలో మొదటి ఏడాది పరీక్షలు రాసింది. తెలుగులో అరవై ఒకటి, చరిత్రలో యాభై ఎనిమిది, ఇంగ్లీషులో ఇరవై తొమ్మిది వచ్చాయి. ఇంగ్లీషు తప్పింది.