మా ఆయన కారు, మా తమ్ముడి కారు

కొందరికి బుర్ర మోకాల్లో ఉంటుందని అంటారు. మా ఇంటి మగవాళ్లిద్దరికీ అది ఇంకా కిందికి జారి, ఎక్సిలేటర్ తొక్కే బొటనవేలిలో స్థిరపడింది. ఒకరు మా ఆయన రవీందర్, ఖమ్మంలో గ్రానైట్ వ్యాపారం. రెండోవాడు నా తమ్ముడు కోటేష్, కల్లూరులో మా పుట్టింట్లోనే ఉంటూ కోల్డ్ స్టోరేజీ నడుపుతాడు.

మా ఆయన చాలా ఏళ్ల కింద హైదరాబాదులో ఎవరి దగ్గరో ఒక స్పోర్ట్స్ కారు సెకండ్ హ్యాండులో కొన్నాడు. పసుపు రంగు, రెండే తలుపులు, నేలకు ఆనుకుని పాకుతున్నట్టుంటుంది. స్పీడ్ బ్రేకర్ వస్తే చాలు, నేను దిగి వంగి చూసి అడుగు తగులుతుందో లేదో చెప్పాలి. పట్టుచీర కట్టుకుని నడిరోడ్డు మీద ఎన్నిసార్లు వంగానో నాకే తెలుసు. కోటేష్‌కు కూడా ఆ కారంటే ప్రాణం. కాలేజీ రోజుల్లో సెలవు దొరికితే మా ఇంటికొచ్చి దాన్ని తుడిచేవాడు. ఒకసారి మాత్రం చుట్టాలందరి ముందు, "బావా, ఒక్క రౌండ్ తోలనియ్యి" అని అడిగాడు.

"నీ చేతికిస్తే చెట్టుకు పెడతవ్ రా. బట్ట పట్టుకో, తుడువు" అన్నాడు మా ఆయన. అందరూ నవ్వారు. నా తమ్ముడు నవ్వలేదు.

పోయిన చలికాలం వాడు అదే కంపెనీ కారు, అదే పేరు, కొత్త మోడల్ కొన్నాడు. కొన్నరోజే తెచ్చి మా గేటుకు అడ్డంగా పెట్టాడు, బావ కారు బయటికి రాకుండా. అప్పటి నుంచి మా ఇంట్లో మాట అంటే ఆ రెండు కార్ల మాటే.

పాతదానికి గేర్లు చేత్తో వేయాలి, క్లచ్చు తొక్కితే పిక్క పట్టేస్తుంది. టర్బో లేదు, ఇంజను ఎంత తిప్పితే అంత అరుస్తుంది. కొత్తదానికి రెండు టర్బోలు. గేర్లు వాటంతటవే మారతాయి. ముందు టీవీ అంత స్క్రీను. పాతదానికంటే బరువు, అయినా పాతదానికంటే పరుగు.

"దాని ఇంజన్ సౌండ్ స్పీకర్లలకెల్లి వస్తదంట. గదేం కారురా? పెండ్లిల మైకు పెట్టినట్టు" అనేవాడు మా ఆయన. "స్టీరింగ్ పట్టుకుంటె కింద రోడ్డు తెల్వాలె. నీ దాంట్ల పరుపు మీద చెయ్యేసినట్టుంటది."

"నీ బండి ఏసీ వేస్తె గుట్ట ఎక్కదు బావా. ముసలోడి దగ్గును పట్టుకుని సౌండ్ అంటున్నవ్" అనేవాడు వీడు.

మా ఆడపడుచు మనవడి పుట్టువెంట్రుకల నాడు ఇద్దరూ అన్నం విస్తళ్ల ముందే కాలర్లు పట్టుకున్నారు. విడదీసేసరికి మా ఆయన ఒక మాట విసిరాడు. "మీ అక్క శ్యామల రెండిట్ల కూసుంటది. భద్రాచలం దాకా ఒక్కటే రోడ్డు. పోయేటప్పుడు నా దాంట్ల, వచ్చేటప్పుడు నీ దాంట్ల. ఆమె ఏది మేలంటే అదే మేలు. ఓడినోడు ఇగ గెలిచినోడి గడప తొక్కొద్దు."

"తొక్క. అక్కతోని కూడ మాట్లాడ" అన్నాడు కోటేష్.

నన్ను ఒక్కరు అడగలేదు. ఆ రాత్రి మా ఆయన ఇంకో ముక్క కలిపాడు. "నీ తమ్ముడి కారు మేలన్నవనుకో, నీ తమ్ముడింట్లనే ఉండు." కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. ఈయన కారు బాగుందంటే నా పుట్టిల్లు మూసుకుపోతుంది. వాడి కారు బాగుందంటే నా కాపురం వీధిలో పడుతుంది. అమ్మ పోయాక నేను ఎత్తుకుని పెంచిన పిల్లాడు వాడు. ఆ ఇంటి గడప లేకపోతే నాకు పండగ లేదు, పబ్బం లేదు. రెండు ఇనుప ముక్కల కోసం దాన్ని పందెంలో పెట్టారు.

జూన్‌లో మొదటి వాన పడ్డాక బయల్దేరాం. భద్రాచలం మెయిన్ రోడ్డు నిండా లారీలని, పాల్వంచ దాటాక కొత్తగా తారు వేసిన అడవి రోడ్డు పట్టారు. నేను పసుపు కారులో. మా ఆయన గేరు మారుస్తూ ప్రతి మలుపు దగ్గరా, "ఇన్నవా? ఇన్నవా?" అంటున్నాడు. వినకపోవడానికి నాకేమైనా చెవుడా? కారంతా వణుకుతోంది, కాళ్ల దగ్గర సెగ, నడుము కింద ప్రతి రాయీ తెలుస్తోంది. నిజం చెప్పొద్దూ, బాగుంది. కారు బతికి ఉన్నట్టుంది. ఆ సంగతి ఆయనకు చెప్పలేదు.

అడవిలో ఒక గూడెం ముందు ఆడవాళ్లు రోడ్డుకు అడ్డంగా తాడు పట్టుకున్నారు. కోయవాళ్ల భూమి పండుగ. విత్తనం వేసే ముందు మగవాళ్లు వేటకు పోతారు. వాళ్లు తిరిగొచ్చేదాకా దారి ఆడవాళ్లది. వచ్చిన బండిని ఆపుతారు, పాడుతూ ఆడతారు. బండిలోవాళ్లు దిగి, తోచింది చేతిలో పెట్టి, పోనిమ్మని అడగాలి. అప్పుడు తాడు వాళ్లే దించుతారు. అడగకుండా దించరు.

మా ఆయన దూరం నుంచే చూసి బ్రేకు తొక్కి బాగానే ఆపాడు. దిగలేదు. కిటికీలోంచి నోటు విసిరాడు. అది బురదలో పడింది.

తాడు కొస పట్టుకున్న పెద్దామె ముందుకు వచ్చింది. పక్కవాళ్లు జంపక్కా అని పిలుస్తున్నారు. "దిగి చేతుల పెట్టు అయ్యా. పండుగ" అంది.

"నీ కోసం బెల్టు తియ్యాల్నా? జల్దీ తియ్ తాడు."

నాకు తల తీసేసినట్టయింది. నేను దిగి ఆ నోటు తీసి, తుడిచి, ఆమె చేతిలో పెట్టి, "పోనియ్యి అక్కా" అన్నాను. తాడు దించారు. వెనకాలే కోటేష్ కూడా అద్దం దించకుండా దూసుకొచ్చాడు.

భద్రాచలంలో గోదావరి వంతెన దగ్గర టీ తాగాం. తాగింది నేనే, వాళ్లు ఒకరినొకరు తిట్టుకున్నారు. తిరుగు ప్రయాణంలో కోటేష్ కారెక్కాను. అదీ బాగుంది. చల్లగా, మెత్తగా, వాడు కాలు ఆనిస్తే చాలు చెట్లు వెనక్కి పోతున్నాయి. నా వీపు సీటుకు అతుక్కుపోయింది. వెనక అద్దంలో పసుపు కారు చిన్నదైపోతుంటే వాడి ముఖం చిన్నప్పటిలా వెలిగింది. నాకు ముద్దొచ్చింది కూడా.

గూడెం మలుపు వచ్చింది. మలుపు కనుక వేగం కొంచెం తగ్గింది. తిరగ్గానే ఎదురుగా తాడు, తాడు ముందు చేతులు పట్టుకుని ఆడుతున్న ఆడవాళ్లు.

"ఆపురా!"

"ఉరుకుతరు తియ్ అక్కా. గీ సౌండ్ ఇంటె తాడు ఇడిచిపెట్టి ఉరుకుతరు."

మిగతావాళ్లు పక్కకు దూకారు. జంపక్క తాడు వదలకుండా రోడ్డు మీదే నిలబడింది. పండుగనాడు అడగకుండా తాడు వదలడం వాళ్లకు లేదు. నేను కళ్లు మూసుకోలేదు. నా తమ్ముడి కాలు చూశాను. అది బ్రేకు మీదికి రాలేదు. స్క్రీను ఎర్రగా మెరిసింది, ఏదో కీచుమంది, కారు తనంతట తానే బ్రేకు పట్టేసింది. బెల్టు నా రొమ్మును కోసినంత పని చేసింది. జంపక్క వెల్లకిలా పడింది. బానెట్టుకూ ఆమె కాళ్లకూ మధ్య ఒక చేట పట్టేంత జాగా ఉంది.

నేను దిగి పరుగెత్తాను. మోచెయ్యి గీరుకుపోయి రక్తం వస్తోంది. ఆమె తాడు ఇంకా పిడికిట్లోనే పట్టుకుని ఉంది. వాళ్ల భాషలో ఏదో గొణిగింది. పక్కనున్న పిల్ల ఏడుస్తూ ఆమెను లేపింది.

నా తమ్ముడు దిగాడు. దిగి ఆమె దగ్గరికి రాలేదు. కారు ముందుకు పోయి బానెట్టు చూసుకున్నాడు. అప్పటికి మా ఆయన కూడా వచ్చి ఆగాడు.

"చూసినవా బావా? అదే ఆగింది! నేను తొక్కలే. నీ డబ్బాకు ఉన్నదా గిది?"

"థూ. పొద్దుగాల నేను కాలుతోని ఆపిన. నీకు ఆపనీకి మిషిన్ కావాల్నా? డ్రైవింగ్ రానోడికి గట్లాంటి కారే గావాలె."

"ఆగిందా లేదా, గది చెప్పు!"

కింద ఒక మనిషి రక్తం తుడుచుకుంటోంది. వీళ్లు బ్రేకుల గురించి వాదించుకుంటున్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. అంత మంట నాకు పెళ్లయిన ఇన్నేళ్లలో ఎప్పుడూ రాలేదు.

మా ఆయన నా వైపు తిరిగాడు. "శ్యామలా, తీర్పు చెప్పు. ఇప్పుడే. ఏది మేలు?"

"చెప్పక్కా" అన్నాడు వాడు. "భయపడకు. ఉన్నదున్నట్టు చెప్పు."

"కార్లు రెండు మంచియే" అన్నాను. "పొద్దుగాల పాతది ఆపితె ఆగింది. ఇప్పుడు కొత్తది ఆపకపోయినా ఆగింది. మీరిద్దరే పనికిరానోళ్లు. ఒకడు దిగి చెయ్యి చాపలేదు, ఒకడు మనిషిని తొక్కబోయిండు. ఇద్దరు వచ్చి ఆమెకు మొక్కండి. మొక్కి, పోనియ్యమని అడగండి."

"నీకు పిచ్చి లేసిందా?" అన్నాడు మా ఆయన. కోటేష్ జేబులోంచి నోట్ల కట్ట తీశాడు. జంపక్క దానివైపు చూడనైనా చూడలేదు.

"దాన్ని జేబుల పెట్టుకోరా. మొక్కు."

"అక్కా, నువ్వు నా తరఫా, బావ తరఫా?"

జంపక్క చేతిలోంచి తాడు కొస నేను తీసుకున్నాను. ఆమె ఇచ్చింది. అవతలి కొస ఆ పిల్ల పట్టుకుంది. రోడ్డుకు అడ్డంగా బిగించి పట్టుకున్నాం.

"శ్యామలా, తాడు దించు" అన్నాడు మా ఆయన.

"అడగండి, దించుత."

ఇద్దరూ నా ముఖం చూశారు, ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఇన్నాళ్లలో వాళ్లిద్దరికీ ఒక విషయంలో ఏకాభిప్రాయం కుదిరింది అప్పుడే. వెళ్లి ఎవరి కారులో వాళ్లు కూర్చున్నారు. ఒక ముసలామె ముందు వంగడం కంటే, వెనక్కి భద్రాచలం దాకా పోయి, లారీల రోడ్డు మీద అంతదూరం చుట్టి రావడమే వాళ్లకు తేలికైంది. ఆ ఇరుకు రోడ్డులో ముందుకూ వెనక్కూ చేసి కార్లు తిప్పారు. ఎక్కమని ఇద్దరిలో ఒక్కడూ అనలేదు.

ఒక్క పూటలో పుట్టిల్లూ పోయింది, అత్తిల్లూ పోయింది. అయినా తాడు దించలేదు.

మలుపు దాకా కూడా ఆగలేకపోయారు. ఒక ఇంజను అరిచింది, రెండోది అంతకంటే గట్టిగా అరిచింది, పందెం మళ్లీ మొదలైంది. ఆడవాళ్లందరూ అటు చూశారు. నేను జంపక్క మోచేతికి నా కొంగు చింపి కడుతున్నాను. ఏ కారు ముందుందో చూడలేదు.