కోట గుమ్మం ముందు క్యూ

ఎడారి దొంగలు కోట మీద పడాలి. తలుపు బద్దలవగానే కత్తులు దూసి, బొబ్బలు పెడుతూ లోపలికి చొరబడాలి. దర్శకుడు ఫోర్డైస్ పొద్దున్నించీ గొంతు చించుకుని చెబుతున్నది ఇంతే. తలుపు బద్దలయింది. పొగ లేచింది. ఊళ్ళో మగవాళ్ళు సగం మంది తలపాగాలు చుట్టుకుని ఇసుక దిబ్బ మీంచి అరుచుకుంటూ దిగారు. తీరా గుమ్మం దగ్గరికి రాగానే అరుపులు ఆగిపోయాయి. గుమ్మం ఇరుకు. అందుకని ఒకరి వెనక ఒకరు క్యూ కట్టి, ముందువాడి అంగీ తొక్కకుండా అడుగు దూరం వదిలి, ఒక్కొక్కరే లోపలికి వెళ్ళారు.

ఫోర్డైస్ బాకా నోటికి పెట్టుకున్నాడు. "పెద్దమనుషులారా, మీరు కోట దోచుకోడానికొచ్చారు. బస్సెక్కడానిక్కాదు."

"గుమ్మం చిన్నది కద సార్," అన్నాడు ఏక్‌హర్స్ట్. ఊళ్ళో మాంసం కొట్టు అతనిదే. తలపాగా అయితే చుట్టుకున్నాడు గాని కళ్ళజోడు తియ్యడం మర్చిపోయాడు. "తోసుకుంటే ఏం బాగుంటుంది?"

"తోసుకోమనే కదయ్యా నేను చెప్పేది."

"వెనకాల పాస్టరు గారున్నారు."

మళ్ళీ తీశారు. ఈసారి గుమ్మం దాకా బాగానే పరిగెత్తుకొచ్చారు గాని, అక్కడ ఏక్‌హర్స్ట్, పోస్ట్‌మాన్ ఎదురుబొదురై ఆగిపోయారు. "ముందు మీరు" అని ఒకరు, "అబ్బే, మీరే" అని ఇంకొకరు. వెనక దొంగలంతా ఓపిగ్గా నిలబడ్డారు. ఫోర్డైస్ తల పట్టుకున్నాడు.

ఇదంతా టీ బల్ల దగ్గర్నుంచి హిల్డా హనీసెట్ చూస్తూనే ఉంది. సినిమావాళ్ళకి టీలు పోసే పని ఆమెది. సముద్రం మీంచి సన్న తుంపర కొడుతోంది. ఆ సముద్రం కెమెరాలో పడకూడదు కనక దానికి వీపు పెట్టి కోట కట్టారు. కోటంటే ఏముంది, ముందు గోడ ఒక్కటే, వెనకంతా కర్రలు. దొంగలందరూ అంగీల కింద ఉన్ని బనీన్లు రెండేసి తొడుక్కున్నారు. హిల్డాకి వీటి మీద దేని మీదా ధ్యాస లేదు. ఆమె చూస్తున్నది మొగుణ్ణి.

సిరిల్ ఆ క్యూలో లేడు. చెక్క కత్తి చంకలో పెట్టుకుని, దిబ్బ పక్కన ఎడంగా నిలబడ్డాడు. ఆఖరి దొంగ లోపలికి వెళ్ళాక అప్పుడు కదిలాడు.

"ఇక్కడా అంతే," అనుకుంది హిల్డా.

పెళ్ళయిన దగ్గర్నుంచీ సిరిల్ ఏ క్యూలోనూ నిలబడింది లేదు. రేషను రోజుల్లో రొట్టెకి క్యూ, బొగ్గుకి క్యూ. అక్కడేం ఇస్తున్నారో తెలియకపోయినా ముందు నిలబడి ఆ తర్వాత అడిగే రోజులవి. అలాంటప్పుడు ఒక్క మగాడు నిలబడనంటే ఊరు ఊరుకుంటుందా? నలుగురూ నాలుగు రకాలుగా అన్నారు. పోనీ సోమరా అంటే కాదు. గిన్నెలు తోముతాడు, బంగాళదుంపలు తవ్వుతాడు, అడక్కుండానే చూరు శుభ్రం చేస్తాడు. బస్సు దగ్గర మాత్రం రోడ్డుకి అవతల నిలబడి, అందరూ ఎక్కాక అప్పుడు దాటి వస్తాడు. సగం సార్లు బస్సు వెళ్ళిపోయేది.

ఎందుకిలా? ఈ ఒక్క ప్రశ్న హిల్డా బుర్ర తొలిచేసింది. మొదట్లో పొగరనుకుంది. తర్వాత కాళ్ళ నరాల జబ్బేమోనని డాక్టర్ని అడిగింది. అత్తగారిని అడిగితే, "చిన్నప్పుడు ఆముదం తాగడానిక్కూడా బుద్ధిగా వరసలో నిలబడేవాడమ్మా" అందావిడ. సిరిల్‌నే అడిగితే "ఏం లేదు" అని కొట్టంలోకి వెళ్ళిపోయేవాడు. యుద్ధంలో ఎడారిలో పనిచేశాడు. దాని గురించి అడిగినా అంతే. "ఇసుక ఎక్కువ" అనేవాడు, ఇంకో మాట లేదు.

మిగతావన్నీ ఆమె ఎప్పుడో సరిపెట్టుకుంది. ఒక్క రోజు మాత్రం గొంతులో ముల్లులా ఉండిపోయింది. ఆ గడ్డు చలికాలం, పెద్దమ్మాయి కడుపులో ఉండగా, బొగ్గు కోసం తెల్లవారకుండా వెళ్ళి నిలబడింది. వేళ్ళు నీలం తిరిగాయి. సిరిల్ ఆమెకన్నా ముందే ఇంట్లోంచి బయటపడ్డాడు, ఎక్కడికో చెప్పలేదు. ఆ రోజు ఈ మనిషి నాకు ఏమవుతాడు అనుకుంది. ఇప్పటికీ అప్పుడప్పుడు అనుకుంటుంది.

అందుకే సినిమావాళ్ళు ఊళ్ళోకి రాగానే, అడక్కుండా అతని పేరు దొంగల్లో రాయించింది. ఇసుక చూస్తేనైనా నోరు విప్పుతాడేమోనని ఆమె ఆశ.

మధ్యాహ్నానికి ఫోర్డైస్ దారికొచ్చాడు. "మర్యాదస్తులైన దొంగలు. దీన్నే ఉంచేద్దాం, జనం పడీ పడీ నవ్వుతారు," అన్నాడు. గుమ్మం దగ్గర బతిమాలుకోడానికి ఏక్‌హర్స్ట్‌నీ, ఎడంగా నిలబడ్డ సిరిల్‌నీ పిలిచాడు. "చుట్టూ తూటాలు పేలుతుంటాయి. మీరిద్దరూ ముందు మీరంటే మీరని బతిమాలుకోవడం ఆపరు. అంతలో ఢామ్మని పేలుతుంది. ఇద్దరూ వెల్లకిలా పడతారు, కాళ్ళు పైకి."

ఏక్‌హర్స్ట్‌కి పట్టరాని సంతోషం. సిరిల్ మొత్తం విన్నాడు.

"అది అలా జరగదు సార్," అన్నాడు.

"మరెలా జరుగుతుంది?"

"ఇద్దరూ పడరు. ఒకడే."

ఫోర్డైస్‌కీ అతని వయసే ఉంటుంది, యుద్ధం చూసిన వయసు. బాకా కిందికి దించాడు. "పోనీ, ఇంకెవరినైనా పెడతాలెండి," అన్నాడు నెమ్మదిగా. సిరిల్ చెక్క కత్తిని గోడకి ఆనించి దిబ్బ వెనక్కి నడిచాడు.

హిల్డా గరిట వదిలేసి వెంట వెళ్ళింది. టీ వేళ దగ్గర పడుతోంది, ఇప్పుడు బల్ల వదిలి రావడం తప్పే. కానీ ఇంత దగ్గరకొచ్చిన జవాబుని వదులుకుంటే మళ్ళీ ఈ జన్మకి దొరకదనిపించింది.

అతను గడ్డి మొలిచిన చోట కూర్చుని ఉన్నాడు. ఆమె పక్కన చతికిలబడింది.

"ఎవడతను?" అంది.

సిరిల్ తలపాగా విప్పి ఒళ్ళో పెట్టుకున్నాడు. "నార్మన్ టాప్సెల్ అని, మా గుడారంవాడు. నీళ్ళ లారీ వచ్చినప్పుడల్లా క్యూ కట్టేవాళ్ళం. ఒకడు మాత్రం పక్కన నిలబడి ఆకాశం చూస్తుండాలి. విమానం కనబడితే ఈల వెయ్యాలి. వంతులు. ఆ రోజు నా వంతు."

"ఊ."

"నా పెదాలు పగిలి రక్తం వస్తోంది. అది చూసి వాడు, రారా, నా ముందు నిలబడు, ఇవాళెవడూ రాడు అన్నాడు. వెళ్ళాను. తీరా వెళ్ళాక సిగ్గేసింది. నువ్వే ముందన్నాను. నువ్వే అన్నాడు వాడు. కాదు నువ్వే అన్నాను. అందరూ నవ్వుతున్నారు. పైకి ఎవరూ చూళ్ళేదు."

"ఆఖరికి ముందెవరు నిలబడ్డారు?" అడక్కుండా ఉండలేకపోయింది హిల్డా. అడిగాక తన మీద తనకే అసహ్యం వేసింది.

"వాడే."

దిబ్బ అవతల ఢామ్మని పేలింది. సిరిల్ భుజాలు ఒక్కసారి బిగుసుకున్నాయి. వెంటనే పెద్దగా నవ్వులు వినిపించాయి.

"బాగా వచ్చినట్టుంది," అన్నాడు. "నార్మనే ఉంటే అందరికన్నా ఎక్కువ నవ్వేవాడు."

"అందుకేనా నువ్వు క్యూలో నిలబడవు?"

"నేనూ నిలబడితే మరి ఎవరు చూస్తారు?"

ఆమెకి అర్థం కాలేదు. "ఏం చూడాలి?"

అతను సిగ్గుపడుతూ గడ్డంతో పైకి చూపించాడు. "యుద్ధం అయిపోయిందని నాకూ తెలుసులే. కానీ నలుగురు వరసగా నిలబడితే చాలు, నా కాళ్ళు వాటంతటవే పక్కకి పోతాయి."

హిల్డాకి బస్సు, రొట్టె, మాంసం, అన్నీ ఒకటొకటిగా గుర్తొచ్చాయి. అడగాలంటే భయం వేసింది, అడక్కపోతే బతకలేననీ అనిపించింది.

"ఆ చలికాలం, బొగ్గు కోసం వెళ్ళాను చూడు..."

"టోపీల కొట్టు మెట్ల మీదున్నాను. ఎదురుగానే. నువ్వు తలకి ఎర్ర మఫ్లర్ కట్టుకున్నావు. ఒకసారి కూలబడబోయి పక్కావిడ చెయ్యి పట్టుకున్నావు."

"చూసి కూడా రాలేదా?"

"సగం రోడ్డు దాటాను. మళ్ళీ వెనక్కెళ్ళాను."

"ఎంతసేపున్నావక్కడ?"

"నీకు బొగ్గు దొరికేదాకా."

చాచి ఒక్కటి కొట్టాలనిపించింది. వాటేసుకుని ఏడవాలనీ అనిపించింది. రెండూ చెయ్యకుండా అతని ఒళ్ళోంచి తలపాగా గుడ్డ లాక్కుని ముక్కు తుడుచుకుంది.

"చెప్పొచ్చు కద మనిషీ."

"ఏమని చెప్పను? ఆకాశం కాపలా కాస్తున్నానంటే పిచ్చాసుపత్రికి పంపేదానివి."

"పంపేదాన్నే," అంది హిల్డా నిజాయితీగా.

టీ గంట కొట్టారు. ఇద్దరూ లేచి దిబ్బ ఎక్కారు. కింద టీ బల్ల వెనక పోసేవాళ్ళెవరూ లేరు గాని, దాని ముందు దొంగలంతా చలికి వణుకుతూ కప్పులు పట్టుకుని క్యూ కట్టి ఉన్నారు. టీ డబ్బాకి కుళాయి ఉంది. చెయ్యి చాస్తే అందుతుంది. ఒక్కడు చాస్తే ఒట్టు.

"తొందరేం లేదు, మిసెస్ హనీసెట్," అని కేకేశాడు ముందున్న ఏక్‌హర్స్ట్. అతని కళ్ళజోడు నిండా మసి.

"ఆ కుళాయి తిప్పడం మీకు రాదా? పోసుకోండి."

ఏక్‌హర్స్ట్ కంగారుపడి వెనక్కి తిరిగి పాస్టరు గారి మొహం చూశాడు. ఆయన తలూపాక గాని కుళాయి మీద చెయ్యి వెయ్యలేదు.

సిరిల్ అలవాటు ప్రకారం ఎడంగా జరిగాడు. హిల్డా అతని మోచెయ్యి పట్టుకుని ఆపింది.

"వెళ్ళి నిలబడు."

"నేనా?"

"టీ చల్లారిపోతోంది. నేనిక్కడుంటాను."

"హిల్డా, ఇదంతా ఎందుకు..."

"నాకు ఈల వెయ్యడం నీకన్నా బాగా వచ్చు. వెళ్ళు."

అతను దిగాడు. ఇసుకలో కాళ్ళీడ్చుకుంటూ వెళ్ళి, క్యూలో ఆఖరివాడి వెనక నిలబడ్డాడు. ఆ ఆఖరివాడు పోస్ట్‌మాన్. వెనక్కి తిరిగి ఎవరో చూసి, నోరు తెరిచి, మర్యాద గుర్తొచ్చి మళ్ళీ ముందుకు తిరిగాడు. క్యూ ఒక అడుగు కదిలింది. సిరిల్ కదల్లేదు. దిబ్బ వైపు చూశాడు. హిల్డా నడుం మీద చేతులు పెట్టుకుని, తుంపరలో కళ్ళు చికిలించి, మేఘాల్ని ఈ చివర నుంచి ఆ చివరకి వెతుకుతోంది.

"చూస్తున్నాను," అంది కళ్ళు దించకుండానే. "ముందుకు నడు."