తల దొరకని జంతువులు

శ్రీకాకుళం కాలేజీలో జియాలజీ ల్యాబ్ అటెండర్ ఆదాము ఎన్నడూ పాఠాలు వినలేదు. ఇరవయ్యేళ్లుగా రాళ్ల దుమ్ము దులపడమే అతని పని. ఆ రోజు మాత్రం అర్చన మేడమ్ పొడుగు మెడ డైనోసార్ బొమ్మ గోడకు తగిలించి, "వీటిని సారోపాడ్‌లంటారు. ఒళ్లు దొరికినా తల దొరకడం చాలా అరుదు. అందుకే మెడ ఎముకల్లోని గుంటలు చూసి ఏ కుటుంబానికి చెందిందో తేలుస్తారు. ఒకదానికైతే వేరే జంతువు తల తగిలించి, ఏళ్ల తరబడి మ్యూజియంలో నిలబెట్టారు," అంది.

ఆదాము చేతిలో గుడ్డ ఆగిపోయింది.

ఆరేళ్ల కిందట స్నేహితులతో చేపల వేటకెళ్లిన కొడుకు పాల్ పడవ బోల్తాపడి సముద్రంలో పోయాడు. వారం తర్వాత ఒడ్డుకు కొట్టుకొచ్చిన శవానికి తల లేదు. గళ్ల చొక్కా చూసి, వాడేనని ఆదాము సంతకం పెట్టేశాడు. సంతలో ఆ చొక్కా పాల్ ఒక్కడే కొన్నాడా?

ఈస్టర్ ముందురోజు భార్య స్వర్ణతో కలిసి సమాధికి సున్నం వేశాడు. నల్లరంగుతో పేరు దిద్దబోతే చెయ్యి ఆడలేదు. లోపలున్నవాడు, లేని కళ్లతో, తననే చూస్తున్నట్టుంది.

"పేరు రాయవేటి?" అంది స్వర్ణ.

"ఈడు మనోడేనంటావేటే?"

స్వర్ణ సున్నం చేతులు కొంగుకు తుడుచుకుంది. "మనోడి సిటికెనేలు వంకర. ఈడిది తిన్నగా ఉన్నాది. ఆరోజే సూసేను."

"మరెందుకు సెప్పలేదే?"

"సెప్తే ఈడినెవులు పూడుస్తారు? మనోడు ఏ ఒడ్డున తేలేడో, అక్కడ ఏ తల్లో నాలాగే అబద్దమాడే ఉంటాది. రాయి."