రెండు దగ్గులు

ఎండిన యూకలిప్టస్ ఆకుల మీద సన్నని వాన.

చిటపట... చిటపట...

అది వాన కాదు. యాభై ఏడేళ్ల నాటి రికార్డు. సూది కింద తిరుగుతోంది.

శ్రీపతికి ఆ వాన గిట్టదు. దాన్ని ఆపడమే అతని ఉద్యోగం.

మొన్నటిదాకా వేరే పని. రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటర్లు తికమకపడతాయని సిడ్నీ అంతా భయపడిన రోజులవి. ఎప్పుడో ఎవరో చోటు మిగులుతుందని సంవత్సరంలోంచి రెండంకెలు తీసేశారు. వాళ్లను తిట్టుకుంటూ, వెతికి వెతికి, రెండేళ్లపాటు వాటిని తిరిగి పెట్టాడు. జనవరి వచ్చింది. ఏమీ కాలేదు. అతని కాంట్రాక్టు అయిపోయింది.

ఇప్పుడు ఒక చిన్న కంపెనీ. యుద్ధకాలపు రేడియో బ్యాండు కార్యక్రమాలను సీడీలుగా తెస్తోంది. బాకాలు, క్లారినెట్లు, మధ్యమధ్య హాస్యం, హాలు నిండా జనం.

గీతలు తీసేస్తాడు. చిటపట తీసేస్తాడు. కుర్చీ కిర్రుమన్నా తీసేస్తాడు.

తీసేసిన చోట మరోచోటి నిశ్శబ్దం తెచ్చి అతికిస్తాడు. అతుకు తెలియదు.

అతుకు తెలియకపోవడం — అదే అతని గర్వం.

మొదటి సీడీ రాగానే భార్య శేషుకుమారి ఒకటి పట్టుకెళ్లింది. ఆమె నర్సు. వార్డులో ఎనిడ్ అనే ముసలావిడకు ఆ బ్యాండంటే ప్రాణం.

సాయంత్రం వెస్ట్‌మీడ్ ఫ్లాట్‌కి తిరిగొచ్చి, షూస్ కూడా విప్పకుండా సోఫా అంచున కూర్చుంది. మెల్లగా చెప్పింది.

ఎనిడ్ తమ్ముడు ఆ కార్యక్రమం జరిగిన హాల్లో ఉన్నాడట. మర్నాడు యుద్ధానికి ఓడెక్కాలి. ఇంట్లో రేడియో ముందు తల్లీ, అక్కా. క్లారినెట్ ఆగగానే రెండుసార్లు దగ్గుతాను, అది నేనే అనుకోండి, అని చెప్పి వెళ్లాడట.

దగ్గాడు. తల్లి నవ్వింది.

అతను తిరిగి రాలేదు.

ఎనిడ్ ఒంటరిగా ఇంట్లో ఉండగలదో లేదో ఇవాళ పరీక్ష. జ్ఞాపకశక్తి పరీక్ష. డాక్టరుకు ఈ కథే చెప్పింది. కావాలంటే వినండి అని సీడీ పెట్టించింది.

"క్లారినెట్ ఆగిందండీ. అందరం అలా చూస్తున్నాం. ఏం లేదు, క్లీన్ సైలెన్స్. మళ్లీ పెట్టమంది. మళ్లీ అంతే. ‘అయితే నేనే కల్పించుకున్నానన్నమాట’ అని నవ్విందండీ. ఆ నవ్వు చూడలేకపోయాను."

డాక్టరు ఏదో రాసుకున్నాడు. వృద్ధాశ్రమం మాట వచ్చింది. గురువారం దాని మీద మీటింగ్.

"క్వాలిటీ మాత్రం సూపర్ అన్నారండీ అందరూ."

శ్రీపతి చేతిలో కాఫీ చల్లారిపోయింది.

అతనికి గుర్తుంది.

రెండు దగ్గులు. మధ్యలో చిన్న ఎడం... ఎవరో తలుపు తట్టినట్టు. ఎవడో సిగరెట్ల మనిషి అనుకున్నాడు. గుర్తు పెట్టాడు. డిలీట్ నొక్కాడు.

రెండు సెకన్లు.

"నేనే తీశాను," అన్నాడు.

శేషుకుమారి సోఫాలోంచి లేచింది. "ఒరిజినల్ ఉంటుంది కదండీ?"

లేదు. రికార్డు ఒక్కసారే పలికింది. మళ్లీ వేద్దామని కడిగేసరికి పైపొర పొలుసులుగా లేచిపోయింది. దాని తొలి కాపీని అతనే చెరిపేశాడు.

కంప్యూటర్లో చోటు మిగులుతుందని.

మర్నాడు వార్డుకు వెళ్లాడు. ఎనిడ్ మంచం పక్కనే సీడీ ప్లేయర్. అతనెవరో తెలియగానే ముఖం విప్పారింది. ఎంత బాగా చేశావో చూడు అంటూ మీట నొక్కింది.

క్లారినెట్ పైకి... పైకి... ఆగింది.

నిశ్శబ్దం. అతుకు తెలియని నిశ్శబ్దం.

"ఇక్కడే," అన్నాడు శ్రీపతి. "రెండు దగ్గులు. నేను విన్నాను. నేనే తీసేశాను."

ఆమె అతని వైపు చూసింది. కోపం కోసం ఎదురుచూశాడు. రాలేదు. ముడతల చెయ్యి వచ్చి అతని చేతిని తట్టింది — బెదిరిన పిల్లవాణ్ణి ఊరడించినట్టు.

"నువ్వు మంచివాడివి, శ్రీ. నా కోసం అలా చెప్పక్కర్లేదు."

చూపించడానికి ఏమీ లేదు. ఆ దగ్గులు ఇప్పుడు అతని తలలో మాత్రమే ఉన్నాయి. ఆమె తన తలలోంచి నిన్ననే తీసేసుకుంది.

గురువారానికి ఇంకా రెండు రోజులుంది.

చిటపట... చిటపట...

ఎనిడ్ చెవి రిక్కించింది, సీడీ వైపు.

కిటికీ అవతల, ఎండిన యూకలిప్టస్ ఆకుల మీద...

ఈసారి అది వానే.