ఖరీఫ్ పోయాక కొండ మీద

అరబ్బు దేశంలోని సలాలా కొండల్లోకి వీరభద్రరావు వెళ్లింది పెంకు పురుగుల కోసం. రాజమండ్రి కాలేజీలో జంతుశాస్త్రం చెబుతూ, సెలవులన్నీ మారేడుమిల్లి అడవిలో గడిపిన మనిషి. అక్కడ కొమ్మ దులిపితే గుడ్డ మీద రాలిన పురుగుల్లో రెండు ఒకేలా ఉండటం అరుదు. మస్కట్‌లో అడవుల సర్వే పెట్టినవాళ్లు రమ్మన్నప్పుడు ఆయన పటం చూసి పొంగిపోయాడు. సలాలా, మారేడుమిల్లి ఇంచుమించు ఒకే అక్షాంశం మీద ఉన్నాయి. అడవి ఉందంటే పురుగులూ అలాగే ఉండాలి!

భార్య మంగతాయారు కూడా వచ్చింది. ఆవిడ హైస్కూల్లో సైన్సు టీచరు.

అది 1978. ఆ కొండల్లో వానకాలాన్ని ఖరీఫ్ అంటారు. సముద్రం మీంచి మబ్బు వచ్చి కొండను కరుచుకుంటుంది. అది వానా కాదు, పొగమంచూ కాదు. ఒంటి మీద చొక్కా ఆరదు, పక్కలో దుప్పటి ఆరదు. పొద్దున్నే సర్వేవాళ్ల డ్రైవరు, జగిత్యాల దేవయ్య, జీపులో వాళ్లను పైకి తీసుకెళ్లేవాడు. మంగతాయారు చెట్టు కింద తెల్లగుడ్డ పట్టుకుంటే ఆయన కర్రతో కొమ్మను కొట్టేవాడు. పురుగులు బోలెడు రాలేవి. అన్నీ నిన్నటివే, మొన్నటివే. ఆయన లోయ మార్చాడు, ఎత్తు మార్చాడు, చివరికి తన కళ్లనే అనుమానించాడు.

"బట్టలు ఆరుతలేవు సారూ, జీపు బురదల దిగబడుతున్నది. ఇయ్యాల రూమ్‌ల ఉందాం," అన్నాడు దేవయ్య.

"ఇంకొక్క లోయ, దేవయ్యా."

"నిన్న గూడ గదే అన్నరు."

ఆ లోయలోనూ అవే పురుగులు. వీరభద్రరావు తడిరాయి మీద కూలబడ్డాడు.

"ఏమండీ, పాపం వాటిమీద ఎందుకంత కోపం?" అంది మంగతాయారు.

"కోపం కాదు తాయారూ. ఈ చెట్టు చూడు, మన చిరుమానుకి దగ్గర చుట్టం. అక్షాంశమూ అదే. మరి అన్ని రకాల పురుగులేవి?"

"మీ క్లాసులో కుర్రాడెవడైనా ఇదే అడిగితే ఏం చెప్పేవారు?"

"ఖరీఫ్ పోయాక వచ్చి చూడమనేవాణ్ని."

"అయితే వద్దాం."

"నాకు ఓపిక లేదు."

అది నిజమే. మర్నాడే జ్వరం తగిలి మస్కట్ తిరిగొచ్చాక కూడా ఆ కొండ పేరెత్తడానికి ఆయనకు మనసు రాలేదు. ఎండలు మొదలయ్యే వేళకు మంగతాయారే సర్వే ఆఫీసుకు వెళ్లి ప్రయాణం ఏర్పాటు చేసుకొచ్చింది.

పచ్చటి కొండ బూడిద రంగుకు తిరిగింది. చెట్లకు ఆకు లేదు. కొమ్మ కొడితే దుమ్ము రాలింది.

"గీడ ఏముంటది సారూ, గాలి తప్ప," అన్నాడు దేవయ్య.

వీరభద్రరావు ఓ మాను దగ్గర మోకాళ్ల మీద కూర్చుని, లేచిన బెరడును మెల్లగా ఎత్తాడు. వెనకాల అవే పురుగులు, కాళ్లు ముడుచుకుని ఒకదానికొకటి ఆనుకుని ఉన్నాయి. ఒకదాన్ని అరచేతిలోకి తీసుకుని వెచ్చగా ఊదాడు. కాసేపటికి ఓ కాలు కదిలింది.

"మారేడుమిల్లిలో మండువేసవిలోనూ ఏదో వాగు తడి ఉంటుంది," అన్నాడు నెమ్మదిగా. "ఇక్కడ మూణ్ణెల్లు తడి, తర్వాత అంతా ఎండ. అన్నాళ్లు ఓర్చుకోగలిగినవి ఈ కాసిని రకాలే."

ఆ పురుగును బెరడు వెనక పెట్టేశాడు. సంతోషం కలగలేదు. ఇన్నాళ్లూ ఎవరితో పోట్లాడాడో అర్థం కాలేదు, అంతే.

ఆ మాటే రిపోర్టులో రాసిచ్చాడు. మస్కట్ ఆఫీసులో పెద్దాయన కాగితాలు తిరగేసి, "ఉష్ణమండలపు అడవి అన్నారు, తీరా ఇంతేనా?" అన్నాడు.

"ఇంతేనండి," అన్నాడు వీరభద్రరావు.

మళ్లీ చూసి రమ్మంటాడేమోనని భయపడ్డాడు గానీ, ఆయన సంతకం పెట్టి పక్కన పడేశాడు. ఊరి శివారు అల్ హైల్‌లోని ఇంటికి భార్యతో టాక్సీ ఎక్కాక వీరభద్రరావు నిద్రపోయాడు. మంగతాయారు ఆయన తల కిటికీకి కొట్టుకోకుండా చెయ్యి అడ్డం పెట్టి కూర్చుంది.